చీటీ మీద సగం పేరు

థర్డ్ ఇయర్ మినీ ప్రాజెక్ట్ వైవాలో మా సార్ ఒక ప్రశ్న అడిగారు. "ఇందులో యూఎక్స్ ఎవరు చూశారు?"

మా టీమ్‌లో నలుగురం. ఒకరు ఫిగ్మాలో స్క్రీన్లు గీశారు. ఒకరు ఫ్రంటెండ్. ఒకరు రిపోర్టూ పీపీటీ. నేను బ్యాకెండ్. క్షణం కూడా ఆలోచించకుండా, ఫిగ్మా గీసిన ఫ్రెండ్ వైపు వేలు చూపించాను. సార్ నవ్వి ఊరుకున్నారు. మార్కులు బాగానే పడ్డాయి.

ఆ వేలు గురించే ఈ వ్యాసం. ఎందుకంటే రెండు నెలల తర్వాత మా ఊళ్లో మా నాయనమ్మకి రావలసిన పాల డబ్బుల్లో మూడో వంతు మాయమైంది. మాయం చేసింది నేను రాసిన కోడ్.

మాది మేళ్లచెరువు. ఇప్పుడు సూర్యాపేట జిల్లా, 2016 అక్టోబర్ ముందు నల్లగొండ. బయటివాళ్లకి మా ఊరు రెండింటితో గుర్తు. ఒకటి సిమెంట్ ఫ్యాక్టరీలు, రెండోది శంభులింగేశ్వరస్వామి గుడి. శివరాత్రి జాతరకి ఎడ్ల పందేలు చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. మిగతా రోజుల్లో లారీలూ దుమ్మూ మేమూ. మా నాన్న ఫ్యాక్టరీ కాంట్రాక్టు పనికి పోతారు. నాయనమ్మకి రెండు బర్రెలు. నాన్న జీతం ఎంతో ఆమె ఎప్పుడూ అడగదు. పాల పైసలు మాత్రం ఆమెవి. వాటి లెక్క ఎవరికీ చెప్పదు. నా ఫస్ట్ ఇయర్ ఫీజులో కొంత ఆ పైసలే.

సెలవులకి ఇంటికి పోయినప్పుడు, మా వాడకట్టులో పాల కేంద్రం నడిపే అన్న పిలిచాడు. "తమ్మీ, ఏదో యాప్ చేసినవంట గదా. ఈ బుక్కుల రాసుడు బంద్ చేసి నాకొకటి చేసియ్యరాదు." నా ఆనందం ఎంతంటే, ఎంత ఇస్తావని కూడా అడగలేదు. కాలేజీ బయట నా కోడ్‌కి దొరికిన మొదటి యూజర్ ఆ అన్న.

పని ఇట్లా ఉంటుంది. పొద్దున అయిదున్నరకి కేంద్రం తెరుస్తారు. గంటలో అరవై మంది దాకా వచ్చి పాలు పోసి పోవాలి. మిషన్ ఫ్యాట్ చూపిస్తుంది. ఎన్ని లీటర్లు, ఫ్యాట్ ఎంత, రూపాయలు ఎంత అని ఒక చీటీ ఇవ్వాలి. సాయంత్రం మళ్లీ అదే. పదిహేను రోజులకోసారి బిల్లు. ఒక ఆండ్రాయిడ్ ఫోన్, ఒక చిన్న బ్లూటూత్ ప్రింటర్, నా కోడ్. ఎంట్రీ స్క్రీన్ ఎట్లా ఉండాలో మా ఫిగ్మా ఫ్రెండ్ ఫోన్‌లోనే అడిగి గీసి పంపింది. పెద్ద బటన్లు, తెలుగు అక్షరాలు, పచ్చ రంగు. చూడ్డానికి చాలా బాగుంది.

ఆమె గీసిన వాటిలో చీటీ లేదు. చీటీ కూడా ఒక స్క్రీనే అని మా ఇద్దరికీ తట్టలేదు.

చవక థర్మల్ ప్రింటర్లలో చాలావాటికి తెలుగు రాదు. అక్షరాలు పంపితే పిచ్చి గుర్తులు కొడతాయి. కాబట్టి తెలుగు లైన్లని బొమ్మగా మార్చి ప్రింటర్‌కి పంపాలి. ఆ కష్టం నేను పడ్డాను. ఒక రాత్రంతా కూర్చుని చీటీ మీద తెలుగు తెప్పించాను. పేరు పొడవైతే రెండో లైన్‌లోకి పోతోంది, కాగితం ఎక్కువవుతోంది. అందుకని ఒక్క లైన్ రాశాను. పేరులో మొదటి పన్నెండు క్యారెక్టర్లే తీసుకో, మిగతాది కోసేయ్. పన్నెండంటే చాలనుకున్నా. ఇంగ్లిష్‌లో పన్నెండు అక్షరాలంటే మంచి పొడవు.

తెలుగులో కాదు. మా నాయనమ్మ పేరు మార్చి చెప్తున్నా, లక్ష్మమ్మ అనుకోండి. కంటికి మూడు అక్షరాలు: ల, క్ష్మ, మ్మ. కంప్యూటర్‌కి మాత్రం తొమ్మిది. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, ఇంకో మ, పొల్లు, మళ్లీ మ. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున మొత్తం 27 బైట్లు. తొమ్మిది పోయాక ఒక స్పేస్. ఇక మిగిలింది రెండే. ఇంటిపేరులో "కొ" అన్నంత వరకే. లక్ష్మమ్మ కొ.

మా వాడకట్టులో ఇంకో లక్ష్మమ్మ ఉంది. ఆమె ఇంటిపేరు కూడా "కొ" తోనే మొదలు.

పాత బుక్కులో ఈ ఇబ్బంది లేదు. ప్రతి ఒక్కరికీ నంబరు ఉండేది. నాయనమ్మది పదిహేడు. ఆమెకి చదువు రాదు గానీ పదిహేడు గుర్తుపడుతుంది, క్యాన్ దించుతూనే "పదిహేడు" అని అరుస్తుంది. ఆ నంబర్లు తీసేసింది నేనే. మనుషులకి నంబర్లేంటి, పేర్లతో పిలిస్తే గౌరవంగా ఉంటుంది అనుకున్నా. నా దృష్టిలో అది ఇంప్రూవ్‌మెంట్. పైగా ఒక తెలివి కూడా చూపించాను. లిస్టులో ఈమధ్య నొక్కిన పేరు పైకి వచ్చేట్టు పెట్టాను, వెతుక్కునే పని తప్పుతుందని. ఆ లిస్టులోనూ పేరు కోసే లైన్ అదే వాడాను. దాంతో స్క్రీన్ మీద రెండు "లక్ష్మమ్మ కొ"లు ఒకదాని కింద ఒకటి. ఇవాళ పైనున్నది రేపు కిందికి పోతుంది. కేంద్రంలో కూర్చునే పిల్లగాడు చీకట్లో, క్యూలో, తడి వేలితో ఏదో ఒకటి నొక్కుతాడు.

బిల్లు వచ్చిన రోజు నాయనమ్మ ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు దాణా కొట్టు దగ్గర బాకీ పెట్టిందని అమ్మ చెప్తే తెలిసింది. ఆమె ఎప్పుడూ బాకీ పెట్టదు. అడిగితే అటు తిరిగి అంది:

"పైసలు తక్కువొచ్చినయి బిడ్డా. నేనే ఏడనో లెక్క తప్పిన్నేమో."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు చేసిన మిషిను గదా. అది తప్పెందుకు చెప్తది?"

ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నలభై ఏళ్లుగా పాలు పోస్తున్న మనిషి, తన లెక్క మీద అనుమానపడింది గానీ నా కోడ్ మీద పడలేదు. మనం కోడ్ రాస్తున్నప్పుడు ఎదుటివాళ్లు మన మీద పెట్టుకునే నమ్మకం ఇంత ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. ఏ సబ్జెక్ట్‌లోనూ లేదు.

చీటీలన్నీ దేవుడి గూట్లో రబ్బరు బ్యాండ్ వేసి పెట్టింది. ముప్పై ఉన్నాయి. బిల్లులో ఇరవై పోతలే ఎక్కాయి. కానీ ముప్పై చీటీల మీదా "లక్ష్మమ్మ కొ" అనే ఉంది. అవి ఎవరివి అంటే చీటీ చెప్పలేదు. చెప్పింది కొట్టం గోడ. అక్కడ బొగ్గుతో గీతలు. పెద్ద గీత మూడు లీటర్లు, చిన్న గీత రెండు. పదిహేను రోజులు, రెండు పూటలు, ముప్పై గీతలు. చీటీల మీది లీటర్లతో వరసగా సరిపోయాయి. ఒక్క గీత తేడా లేదు.

ఆ రాత్రి డేటాబేస్ తెరిచాను. రెండో లక్ష్మమ్మ పేరు మీద పదిహేను రోజుల్లో నలభై ఎంట్రీలు. రోజుకి రెండు పూటలే పాలు పోసే ఊళ్లో, నలభై. నా కోడ్ ఒక్కసారైనా "ఈ పొద్దు ఈమె ఇప్పటికే పోసింది గదా" అని అడగలేదు. అడగమని నేను రాయలేదు. ఇది ఫిగ్మాలో గీసేది కాదు. రంగు కాదు, బటన్ సైజు కాదు. అచ్చంగా బ్యాకెండ్. నా బ్యాకెండ్.

ఇంకో దెబ్బ ఉంది. తెల్లారి అన్న దగ్గరికి పోయి చెప్తే, ఆయన నిజాయితీగానే అన్నాడు: "తప్పయితే అయింది తమ్మీ, మరి మార్చుడెట్ల? ఒకసారి కొట్టినంక మార్చనీకి దీంట్ల ఏం లేదు గదా." నిజమే. ఎంట్రీ సరిదిద్దే బటన్ నేను పెట్టలేదు. డేటా పదిలంగా ఉండాలంటే ఎవరూ చెయ్యి పెట్టకూడదని డీబీఎంఎస్ క్లాసులో విన్నదాన్ని నాకు నచ్చినట్టు అర్థం చేసుకున్నా. పాత బుక్కులో తప్పు రాస్తే కొట్టేసి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టేవాళ్లు. నేను ఆ కొట్టివేతని కూడా తీసేశాను.

చివరికి నా ల్యాప్‌టాప్‌లో డేటాబేస్ తెరిచి నేనే మార్చాను. నాయనమ్మతో కలిసి రెండో లక్ష్మమ్మ ఇంటికి పోయాం. "ఎక్కువొస్తే బర్రె మంచిగ మేసిందనుకున్న బిడ్డా, నాకేం తెలుసు" అంది. సగం పైసలు అప్పుడే ఇచ్చింది, సగం వచ్చే బిల్లులో పట్టుకోమంది. గొడవేం కాలేదు. కానీ వారం రోజులు వాళ్లిద్దరూ పాల కేంద్రం దగ్గర ఎప్పట్లా ముచ్చట పెట్టుకోలేదు. ఆ వారం నా ఖాతాలోదే.

మా నాయనమ్మకి ల్యాప్‌టాప్ ఉన్న మనవడు ఉన్నాడు. అందరికీ ఉండడు. ఇది ఆలోచిస్తుంటే ఊళ్లో ఏళ్లుగా విన్న ఒక పేరు కొత్తగా వినిపించింది: ధరణి. తెలంగాణ భూముల రికార్డుల కోసం 2020 అక్టోబర్ 29న మొదలైన పోర్టల్. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకేచోట, ఒకేసారి కావాలన్నది దాని ఉద్దేశం. ఆ ఉద్దేశం చిన్నది కాదు. కానీ పాస్‌బుక్కులో పేరు తప్పు పడినవాళ్లకీ, విస్తీర్ణం తేడా వచ్చినవాళ్లకీ మొదట్లో తగిన ఆప్షన్ లేదు. తర్వాత ఒక్కొక్క మాడ్యూల్ చేర్చుకుంటూ వచ్చారు. పాస్‌బుక్ వివరాల సవరణకి పెట్టిన టీఎం33 అనే మాడ్యూల్ పేరు ఇంగ్లిష్ రాని రైతులకి కూడా నోటికి వచ్చేసింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూ భారతి వచ్చింది. రాజకీయాలు పక్కన పెట్టండి. ఇంజనీరింగ్ చదివేవాళ్లుగా మనం చూడాల్సింది ఒకటి. స్క్రీన్ మీద ఒక ఆప్షన్ లేకపోతే, ఆఫీసులో కూర్చున్న మనిషికి సాయం చెయ్యాలని ఉన్నా చెయ్యలేడు. చట్టంలో దారి ఉన్నా, మెనూలో లేకపోతే రైతుకి లేనట్టే.

ఇంకోటి కూడా అప్పుడే అర్థమైంది. "యూజర్" అంటే మనకి ఫోన్ పట్టుకున్న ఒక మనిషి గుర్తొస్తాడు. మన ఊళ్లలో యూజర్ చాలాసార్లు ఇద్దరు. 2011లో మీసేవ మొదలైనప్పటి నుంచి చూడండి. సర్టిఫికెట్ కావలసిన మనిషి కౌంటర్‌కి ఇటుపక్క నిలబడతాడు, కీబోర్డ్ అటుపక్క ఆపరేటర్ చేతిలో ఉంటుంది. పని ఒకరిది, వేలు ఇంకొకరిది. మనం వేలున్నవాళ్ల కోసం స్క్రీన్ చేస్తాం. పని ఉన్నవాళ్లకి దక్కేది ఒక కాగితం. నా యాప్‌లో పిల్లగాడి కోసం పచ్చ రంగు పెద్ద బటన్లు ఉన్నాయి. మా నాయనమ్మకి మొత్తం ఇంటర్‌ఫేస్ ఆ చీటీయే. దాని మీద నేను సగం పేరు కొట్టాను.

తెలుగు పేరు కత్తిరించడం నా ఒక్కడి తెలివితక్కువే అనుకుని సిగ్గుపడుతుంటే, 2018 నాటి సంగతి ఒకటి కనపడింది. మీలో ఐఫోన్ ఉన్నవాళ్లకి గుర్తుండొచ్చు. ఆ ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలిపోయేవి. ఆ అక్షరం "జ్ఞా". మనం మామూలుగా టైప్ చేసేది కాదు, మధ్యలో కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకటి చేరిన వరుస. ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేసింది. అక్కడా డిజైన్‌లో లోపం లేదు. ఏ డిజైనరూ "జ్ఞా వస్తే యాప్ పడిపోవాలి" అని గీయడు. ఆ అనుభవం పుట్టింది అక్షరాలని పేర్చే కోడ్‌లో, ఎక్కడో లోతున.

యూజర్ ఎక్స్‌పీరియన్స్ అనే మాటని ప్రచారంలోకి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు డాన్ నార్మన్. 1993లో ఆపిల్‌లో చేరినప్పుడు ఆయన హోదాలోనే ఆ మాట ఉంది. వస్తువుతో మనిషికి ఎదురయ్యే ప్రతిదీ ఆ మాటలోకి వస్తుందని ఆయన ఉద్దేశం, స్క్రీన్ ఒక్కటే కాదు. 1999లో అలన్ కూపర్ "ది ఇన్‌మేట్స్ ఆర్ రన్నింగ్ ది అసైలమ్" అనే పుస్తకంలో మనలాంటివాళ్లని గట్టిగానే తిట్టాడు. ప్రోగ్రామర్ల చేతిలో డిజైన్ పెడితే తమకి తేలికైనదే చేస్తారు, వాడేవాళ్లకి తేలికైనది కాదు అని. నా పన్నెండు క్యారెక్టర్ల లైన్ చూస్తే ఆయన మాట కాదనలేను. నాకు తేలిక, కాగితం ఆదా, నాయనమ్మకి నష్టం.

అయితే దానికి మందు డెవలపర్‌ని డిజైన్ నుంచి దూరం పెట్టడం మాత్రమే అంటే నేను ఒప్పుకోను. మా ఫ్రెండ్ ఎంత బాగా గీసినా ఆమె గీసేది అన్నీ సవ్యంగా జరిగినప్పటి స్క్రీన్. పేరు పొట్టిగా ఉంటుంది, నెట్ ఉంటుంది, ఒకరికి ఒకటే ఎంట్రీ ఉంటుంది. సవ్యంగా జరగనప్పుడు ఏం కావాలో రాసేది మనం. సిగ్నల్ పోతే ఎంట్రీ ఉంటుందా పోతుందా? రెండుసార్లు నొక్కితే రెండు లెక్కా ఒకటా? పేరు పట్టకపోతే ఏ ముక్క పోవాలి? తప్పు పడితే వెనక్కి దారుందా? ఈ ప్రశ్నలు డిజైనర్‌కి కనపడవు, ఎందుకంటే ఆ చోటికి చేరేది మనమే. ఎవరూ అడగకుండా, ఎవరికీ చెప్పకుండా, అర్ధరాత్రి ఒక్క లైన్‌తో మనం జవాబు రాసేస్తాం. అది డిజైన్ కాదనుకుంటాం. వాడేవాళ్లకి అదే డిజైన్.

కాబట్టి డెవలపర్ బాధ్యత ఫిగ్మా నేర్చుకోవడం అని నేననను. అట్లాంటి లైన్ రాసే ముందు ఆగి, "ఇది పడేది ఎవరి మీద?" అని ఒకసారి పైకి అడగాలి, అంతే. నేను ఆ రాత్రి ఫ్రెండ్‌కి ఒక్క మెసేజ్ పెట్టినా, "పేరు పట్టట్లేదు, ఏం చేద్దాం?" అని, ఆమె "నంబర్లు లేవా?" అని అడిగేది. తర్వాత చెప్తే మొదట అడిగింది ఆ మాటే.

సెలవులైపోయే ముందు నాలుగు మార్పులు చేశాను. నంబర్లు వెనక్కి తెచ్చాను. చీటీ మీద అన్నిటికంటే పెద్దగా 17. పేరు పూర్తిగా వస్తుంది, రెండో లైన్ పట్టినా సరే. ఒకే పూట ఒకే నంబరు మళ్లీ నొక్కితే "ఈ పూట ఇప్పటికే పోశారు, మళ్లీనా?" అని అడుగుతుంది. తప్పు పడితే మార్చొచ్చు, కానీ పాతది చెరిగిపోదు. బుక్కులో కొట్టివేసినట్టే గీత కింద కనపడుతూ ఉంటుంది. ఇందులో నేను కనిపెట్టింది ఏదీ లేదు. నాలుగులో మూడు పాత బుక్కులో ఉన్నవే. కోడ్ మొదలుపెట్టే ముందు ఆ బుక్కుని ఒక్క పొద్దు కూర్చుని చూసి ఉంటే సరిపోయేది.

ఈ సెమిస్టర్‌లో మేజర్ ప్రాజెక్ట్. టీమ్‌లో మళ్లీ పని పంచుకుంటున్నాం. ఒక్కోరి పేరు పక్కన ఒక్కో పని రాస్తూ, యూఎక్స్ దగ్గర ఎవరి పేరు అని అడిగితే నలుగురివీ రాయమన్నాను. ఫిగ్మా ఫ్రెండ్ అనుమానంగా చూసింది. ఆమెకి ఈ వ్యాసం లింక్ పంపుతాను.

పోయిన వారం ఇంటికి పోతే కొట్టం గోడ మీద కొత్త గీతలు కనిపించాయి. నాకు కొంచెం మనసు చివుక్కుమంది.

"ఇప్పుడు మిషిను మంచిగనే చెప్తుంది గదా నాయనమ్మా, ఇంకా గీతలెందుకు?"

బర్రెకి తవుడు కలుపుతూ, తల ఎత్తకుండానే అంది. "నీదాంట్ల తప్పు పడితే ఎరుక కావాలె గదా బిడ్డా."